పద్దెనిమిది నిమిషాల కుట్టు

ఫైనల్ బంతిని కుట్టి నిలబెట్టింది మేస్త్రీ భార్య. పేరు మేనేజరుకు వెళ్ళింది. ఇందులో వాదనకు చోటు లేదు. ఒకరు చేశారు, ఇంకొకరు రాయించుకున్నారు.

రాయించుకున్న చోటు జాతీయ ఫుట్‌బాల్ కప్పు చరిత్ర. కప్పుకు యాభై ఏళ్ళు నిండినప్పుడు సమాఖ్యవాళ్ళు అచ్చువేసిన పుస్తకం, ఇటుకంత లావు. నూట పద్నాలుగో పేజీలో ముప్పై ఏడో ఫైనల్ గురించి ఇలా ఉంది: “డెబ్బయ్యో నిమిషంలో బంతి చిరగడంతో ఆట పద్దెనిమిది నిమిషాలు ఆగింది. బంతుల కార్ఖానా మేనేజరు స్వయంగా దాన్ని బాగుచేయగా ఆట కొనసాగింది.” పక్కనే ఫొటో. మేనేజరు రెండు చేతులతో బంతిని ఎత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. ఫొటో ఎడమ అంచున ఒక మోచెయ్యి కనిపిస్తుంది. డెబ్బై అయిదేళ్ళ కప్పు చరిత్రలో ఆమెకు దక్కింది ఆ మోచెయ్యి.

పుస్తకం వచ్చిననాటికి ఆమె బతికే ఉంది. చదివింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

“పోనీలేవయ్యా” అంది.

మేస్త్రీ మేనేజర్ని క్షమించలేదు. పుస్తకాన్ని క్షమించలేదు. అన్నిటికన్నా ఎక్కువగా ఆ ‘పోనీలే’ని క్షమించలేదు. ఆ మాట మీద మొగుడూ పెళ్ళాం ఎన్నిసార్లు తగువుపడ్డారో లెక్క లేదు. తగువు అంటే ఆయన అరవడం, ఆమె సూదిలో దారం ఎక్కించుకోవడం. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఆయన ఇంకా అరుస్తూనే ఉన్నాడు, ఇప్పుడు లోపల.

మేస్త్రీ అంటే గోడలు కట్టే మేస్త్రీ కాదు. కోత మేస్త్రీ. తోలు పరిచి, దానిమీద ఇనుప అచ్చు పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి ముక్క కోసేవాడు. రెండో దెబ్బ కొట్టేవాడు మేస్త్రీ కాదని ఆయన నమ్మకం. బంతికి ముప్పై రెండు ముక్కలు. పన్నెండు నల్లవి, అయిదు మూలలవి. ఇరవై తెల్లవి, ఆరు మూలలవి. అంచు వెంట కుట్టుకు చిల్లులు పొడిచేది కూడా ఆయనే. అక్కడినుంచి ముక్కలు కుట్టు గదికి వెళ్ళేవి. కుట్టు గదిలో నలభై మంది ఆడవాళ్ళు బారుగా బల్లల మీద కూర్చునేవారు. మోకాళ్ళ మధ్య కొయ్య పట్టకారు, ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, ప్రతి కుట్టుకూ రెండు చేతులూ బారజాపి లాగడం. ఆయన ఆమెను మొదట చూసింది అలా బారజాపిన చేతులతోనే. పెళ్ళయ్యాక కూడా ఆమె చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆయన చూడలేదు.

ఆ గదికి ఒక ఆనవాయితీ ఉండేది. కుట్టేవాళ్ళు ఒక్కొక్కరికీ ఒక్కో రంగు. బంతి మూసేముందు చివరి కుట్టు దగ్గర తన రంగు పోగుతో లోపల ఒక ముడి వేయాలి. బంతి పగిలి వెనక్కి వస్తే కోసి చూసేవారు. ఏ రంగు ముడి బయటపడితే ఆవిడకి చీవాట్లు. పగలని బంతిలో ముడి ఉందని కూడా ఎవరికీ తెలియదు. అంటే ఆ కార్ఖానాలో మనిషి పేరు బయటికొచ్చేది తప్పు చేసినప్పుడే. మంచి పని చీకట్లో ఉండేది.

ఆమె రంగు ఊదా. ఇరవై రెండేళ్ళు కుట్టింది. ఊదా ముడి ఒక్కసారి కూడా వెలుగు చూడలేదు.

కప్పు డెబ్బై అయిదో ఏట పుస్తకాన్ని మళ్ళీ రాయిస్తున్నారనీ, పాత సంగతులు తెలిసినవాళ్ళు ఉత్తరం రాయమన్నారనీ కూతురు పేపర్లో చూసింది. ఆమె ఒక కళ్ళాసుపత్రిలో కళ్ళద్దాలు అమర్చే పని చేస్తుంది. తండ్రికి చెప్పకుండానే ఉత్తరం రాసేసింది. జవాబు వచ్చాక చెప్పింది.

“నాన్నా, రేపు ఒకమ్మాయి వస్తుంది. కప్పు పుస్తకం రాసే అమ్మాయి. కాస్త మనిషిలా మాట్లాడు.”

“నేనెప్పుడు పశువులా మాట్లాడాను?”

“పశువులు నయం. తలైనా ఊపుతాయి.”

పుస్తకమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. బూట్లకు మట్టి. ఏదో జట్టు ఆట చూసి తిన్నగా వచ్చానంది. మేస్త్రీకి ఆ మట్టి నచ్చింది. కుర్చీ చూపించాడు. ఆ ఇంట్లో అంతకన్నా మర్యాద ఉండదు.

“మేస్త్రీ గారూ, ఒకే బంతి నియమం గురించి మీకు తెలిసే ఉంటుంది...”

“తెలియకపోవడానికి నేనేం గుర్రప్పందేల మనిషినా?”

“నాన్నా” అంది కూతురు వంటగదిలోంచి.

నియమం ఇది. మొట్టమొదటి కప్పులో ఎనిమిది జట్లు, వాటన్నిటికీ కలిపి ఒక్క బంతి. చెప్పులు కుట్టే మనిషి కుట్టాడు దాన్ని. వానలో తడిస్తే గుమ్మడికాయంత బరువెక్కేది, తలతో కొట్టినవాడికి పట్టపగలే చుక్కలు కనిపించేవి. ఫైనల్ అయ్యాక ఇద్దరు కెప్టెన్లూ దానిమీద సంతకాలు చేసి గాజు పెట్టెలో పెట్టారు. వేరే బంతి లేక చేసిన పని తర్వాత నియమమై కూర్చుంది. ఫైనల్‌కు ఒకటే బంతి. మొదటి ఈల నుంచి చివరి ఈల వరకు అదే. బంతి చస్తే అరగంట ఆగుతారు. అప్పటికీ బాగుపడకపోతే కొట్టిన గోల్సన్నీ కొట్టివేసి, మరో రోజు కొత్త బంతితో మొదటినుంచి ఆడాలి.

ముప్పై ఏడో ఫైనల్‌కు ముందు అలా రెండుసార్లే జరిగింది. నాలుగో ఫైనల్లో బంతి గోడ దాటి లారీ కింద పడింది. పంతొమ్మిదో ఫైనల్లో కుట్టు దగ్గర తోలు చిరిగింది. అప్పటికి మూడు గోల్స్ ముందున్న జట్టు మూడు రోజుల తర్వాత మళ్ళీ ఆడి ఒక గోల్ తేడాతో ఓడిపోయింది. మూడోసారి ఇలా జరిగితే నియమాన్నే ఎత్తేస్తామని సమాఖ్యవాళ్ళు అప్పుడే తేల్చేశారు. ఆ బంతిని కోసి చూసి, తప్పు కోతదని తేల్చారు. కోత మేస్త్రీని మర్నాడే పంపేశారు. మేస్త్రీకి పని నేర్పిన గురువు ఆయనే. వెళ్ళేటప్పుడు తన సుత్తి శిష్యుడి చేతిలో పెట్టి, గేటు దాటాడు. ఆ తర్వాత తోలు వాసన వస్తే వీధి మారి నడిచేవాడని చెప్పుకునేవారు.

“ఆ ముప్పై ఏడో బంతి ముక్కలు నేను కోసినవే” అన్నాడు మేస్త్రీ. “ముప్పై రెండూ. వేరేవాడి చెయ్యి పడనివ్వలేదు. మా ఊరి జట్టు ఫైనల్‌కు రావడం అదే మొదలు. మా ఊరి కార్ఖానాకి బంతి పని రావడం కూడా పంతొమ్మిదో దాని తర్వాత అదే మొదలు. కుట్టింది కుట్టు గదిలో పెద్దావిడ.”

“మీ భార్య కాదా?”

“కాదు. పెద్దావిడ ఉండగా ఈవిడెలా కుడుతుంది? వరస ఉంటుంది కదా. ఈవిడ నాతోపాటు కార్మికుల మెట్ల మీద కూర్చుని చూసింది. చూడటమంటే కుడుతూ చూడటం. ఒళ్ళో ఇంకో బంతి, సగం అయినది. బంతాట చూస్తూ బంతి కుట్టే మనిషి ప్రపంచంలో ఇంకెవరూ ఉండరు. గోల్ పడితే అందరూ లేచారు. ఈవిడ సూది తగులుతుందని లేవలేదు.”

డెబ్బయ్యో నిమిషం. ఊరి జట్టు ఒక గోల్ ముందుంది. అవతలి జట్టు వెనకాటగాడు బంతిని బలంగా తన్నాడు. చప్పుడు వేరేగా వచ్చింది. ఒక పక్క కుట్టు తెరుచుకుని లోపలి రబ్బరు తిత్తి నాలుకలా బయటికొచ్చింది. ఇంకెవడో దాన్ని తొక్కాడు. తిత్తి పగిలింది. రిఫరీ గడియారం చూసుకుని అరగంట అన్నాడు. మైదానం మొత్తానికి పంతొమ్మిదో ఫైనల్ గుర్తొచ్చింది.

“మీ మేనేజరు?”

“పక్కన నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. మా ఆవిడ సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. కంచె దగ్గర పోలీసు ఆపితే ‘నీకు కుట్టడం వచ్చా? రాకపోతే తప్పుకో’ అంది. తప్పుకున్నాడు. సంచిలో సూదులున్నాయి, మైనం పట్టించిన దారముంది, చిల్లులు పొడిచే ఆరె ఉంది. ఒళ్ళో బంతికి ఎక్కించాల్సిన తిత్తి ఉంది. ఆటగాళ్ళ బల్ల మీద కూర్చుని చిరిగిన పక్కా, దానికి అటో పక్కా ఇటో పక్కా విప్పింది. తిత్తి మార్చింది. మళ్ళీ కుట్టింది. రిఫరీ గాలి కొట్టించి, ఎగరేసి చూసి, ఈల వేశాడు. పద్దెనిమిది నిమిషాలు. చివర్లో అవతలివాడు తన్నిన బంతి అడ్డకర్రకి కొట్టుకుని సగం మైదానం దాకా వెనక్కొచ్చింది. కర్ర ఊగింది. కుట్టు కదల్లేదు. కప్పు మా ఊరికొచ్చింది. అప్పుడొచ్చిందే, మళ్ళీ రాలేదు.”

“మీరు దగ్గరున్నారా, ఆవిడ కుట్టేటప్పుడు?”

మేస్త్రీ మొహం ముడుచుకుంది.

“వెళ్ళాను. ‘నువ్వు అవతలికి పోవయ్యా, వెలుతురుకు అడ్డం’ అంది. అంతమందిలో. పోయాను.”

పుస్తకమ్మాయి రాసుకోవడం ఆపింది. “మేస్త్రీ గారూ, నేను మిమ్మల్ని నమ్ముతున్నాను. కానీ అచ్చులో ఉన్న మాటను కొట్టేయాలంటే ఇంకో సాక్ష్యం కావాలి. ఆటగాళ్ళని అడిగాను. ఎవరో ఆడమనిషి ఉన్నట్టు ఒకరికి గుర్తు. నీళ్ళిచ్చిందేమో అన్నారు.”

“ఆటగాడు బంతిని చూస్తాడు. కుట్టినవాళ్ళని చూడడు. సాక్ష్యం బంతిలోనే ఉంది. ఊదా ముడి. పెద్దావిడది తెలుపు. కోసి చూడండి. ఊదా లేకపోతే నా చెవులు కోయండి.”

సమాఖ్య కొత్త కార్యదర్శి ఒప్పుకోవాలని చెప్పి ఆ అమ్మాయి వెళ్ళింది. ఆ కార్యదర్శి మేనేజరు కొడుకే. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వంశం, ఒప్పుకోడు అనుకున్నాడు మేస్త్రీ. వారంలో కబురొచ్చింది. కార్యదర్శి ఒప్పుకున్నాడు. కోసేది మేస్త్రీయే కావాలన్నాడట, తోలు తెలిసిన చెయ్యి కనుక. ఈ మర్యాద మేస్త్రీకి గిట్టలేదు. తిట్టుకోవడానికి వీలు లేకుండా చేస్తున్నాడనిపించింది.

కప్పుల గది సమాఖ్య కార్యాలయంలో రెండో అంతస్తులో ఉంది. గోడ పొడవునా గాజు పెట్టెలు, ఒక్కో దాంట్లో ఒక్కో ఫైనల్ బంతి. మొదటిది చెప్పుల మనిషి కుట్టినది, గోధుమ రంగు, మూతికి లేసు కట్టినది. తర్వాతవి మెల్లగా గుండ్రబడుతూ, తెల్లబడుతూ వచ్చాయి. చివర పదిహేనింటికి కుట్టే లేదు, యంత్రం అంటించినవి. మేస్త్రీ వాటి ముందు ఆగలేదు. పంతొమ్మిదో పెట్టె ముందు మాత్రం ఒక్క క్షణం నిలబడ్డాడు. అందులో కోసి పరిచిన ముక్కలున్నాయి, విప్పిన చొక్కాలా.

గది తాళాలు చూసుకునే పెద్దాయన ముప్పై ఏడో పెట్టె తెరిచాడు.

“వీటికి ఏడాదికి రెండుసార్లు గాలి కొడతానండి. కొన్ని దోసపళ్ళలా పగుళ్ళిచ్చాయి. కొన్నిటికి కొట్టాలంటే భయం. ఇది మాత్రం నిన్న కుట్టినట్టే ఉంటుంది. అందుకే దీనికి మొదట కొడతాను. చేతికి శుభం.”

మేస్త్రీ ఛాతీ ఒక అంగుళం పెరిగింది. పక్కనున్న కూతురు చూసింది.

బల్ల మీద తెల్ల గుడ్డ పరిచారు. ఒక పక్క కార్యదర్శి, ఒక పక్క పుస్తకమ్మాయి. మేస్త్రీ జేబులోంచి తోలు కత్తి తీసి గుడ్డ మీద పెట్టాడు. బంతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత. పెట్టెలో ఎప్పుడూ సంతకాల వైపు బయటికి తిప్పి ఉంచేవారు. వెనక వైపు ఆయన ఎన్నడూ చూడలేదు. ఫైనల్ సాయంత్రం కూడా చూడనివ్వలేదామె.

బొటనవేలితో కుట్లు తడుముకుంటూ పోయాడు. పెద్దావిడ కుట్టు గొలుసులా సమంగా ఉంది. ఒక తెల్ల ముక్క దగ్గర వేలు ఆగింది. ఇక్కడ చెయ్యి వేరు. కుట్టు కాస్త ఏటవాలు, ప్రతిదీ చివర్లో చిన్న బిగింపు. ఇంట్లో చిరిగిన ప్రతి దిండు మీదా, ప్రతి జేబు మీదా ఉన్న బిగింపే.

“ఇదే” అన్నాడు. కత్తి తీసుకున్నాడు.

కోసేముందు కోత మేస్త్రీ కన్ను కొలుస్తుంది. అది అలవాటు, ఆపలేడు. కొలిచింది. ఆ తెల్ల ముక్కకి ఆరు పక్కలూ సమంగా లేవు. ఒక పక్క లోపలికి జరిగి ఉంది. సగం గోరంత. ఇంకెవరికీ కనిపించదు. ఆయనకి మొహం మీద కొట్టినట్టు కనిపించింది.

తొందరలో ఆమె కుట్టు తప్పిందా? ఆమె చెయ్యి తప్పదు. పాత చిల్లుల్లోంచి కుడితే కుట్టు ఎక్కడికీ జరగదు కూడా. జరిగిందంటే కావాలని జరిపింది. ఆరెతో కొత్త చిల్లులు పొడిచి, అంచు లోపలికి తీసుకుని కుట్టింది. ఎందుకు? బొటనవేలితో గట్టిగా నొక్కాడు. తోలు కింద, కుట్టు పక్కన, మెత్తగా ఒక గీత తగిలింది. చిరిగిన అంచు. పాత చిల్లులు ఒక్కొక్కటీ అంచు తెంచుకుని బయటికి వచ్చేసిన గీత. చిల్లు అంచుకు మరీ దగ్గరగా ఉంటేనే అలా తెగుతుంది.

దారం తెగలేదు. తోలు తెగింది. కోత తప్పింది.

ఫైనల్‌కు వారం ముందు తెల్ల ముక్కల అచ్చు మొండిబారింది. సానపట్టేవాడు రెండు రోజులు ఆగమన్నాడు. మేస్త్రీ ఆగలేదు, తానే సానపట్టాడు. ఆ సాయంత్రం కుట్టు గదికి ముక్కలు పంపితే ఆమె ఒకటి పట్టుకుని కోత గది గుమ్మం దాకా వచ్చింది.

“ఈ పక్క అంచు సన్నగా ఉన్నట్టుంది. ఒకసారి చూసుకో.”

“నా అచ్చు సంగతి నాకు చెప్పకు. నీ సూది చూసుకో.”

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆమె ఆ ముక్కతో కుట్టు గదికి తిరిగి వెళ్ళింది. ఆమె అన్న ఆ మాట ఆయన మర్చిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఎవరెవరు ఏం చేశారో వేలు మడిచి చెప్పగలిగిన మనిషి, ఆ ఒక్కటీ మర్చిపోయాడు.

మైదానంలో బంతి విప్పిన క్షణాన ఆమెకు తెలిసింది. అందుకే వెలుతురుకు అడ్డమంది. ఆయన్ని, ఆయనతోపాటు వెనకొచ్చిన కార్ఖానా వాళ్ళని అవతలికి పంపింది. ఆట అయ్యాక మేనేజరు “తోలు తప్పా, కుట్టు తప్పా?” అని అడిగితే “దారం నానిపోయిందండీ, ఎవరి తప్పూ లేదు” అంది. ఆ మాట మేస్త్రీ చెవిన పడింది, అప్పుడు అర్థం కాలేదు. చిరుగుకు సంజాయిషీ దొరికింది కనుక మేనేజరు ఫొటో దిగాడు. ఆమె నోరు తెరిచి “కుట్టింది నేను” అని ఉంటే ఎలా కుట్టావంటారు, ఎందుకు చిరిగిందంటారు, బంతిని పంతొమ్మిదో దాన్ని కోసినట్టు కోస్తారు. అప్పుడు గేటు దాటాల్సింది ఇంకో కోత మేస్త్రీ.

పోనీలేవయ్యా.

కత్తి గుడ్డ మీద పెట్టాడు. చప్పుడు లేకుండా పెట్టాడు.

“ఏమైంది నాన్నా?” అంది కూతురు.

“కోయను.”

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. “మీరే కోయమన్నారు కదండీ. ఇప్పుడు వద్దంటే, ముడి లేదనే అనుకోవాలి.”

“కూర్చో బాబూ. అమ్మాయ్, నువ్వు రాసుకో. ఒక్కసారే చెబుతాను.”

పుస్తకమ్మాయి కలం తీసింది.

“ఆ తెల్ల ముక్క కోసింది నేను. అచ్చుకు తప్పుగా సానపట్టింది నేను. దానివల్ల ఒక పక్క చిల్లులు అంచుకు దగ్గరగా పడ్డాయి. చూసుకోమని నా భార్య చెప్పింది. వినలేదు. బంతి చిరిగింది నావల్ల. నాకు పని నేర్పినాయన ఇంతకన్నా చిన్న తప్పుకు పోయాడు. ఆమె ఆ పక్కని లోపలికి తీసుకుని కొత్త చిల్లులతో కుట్టింది, నా తప్పు కనబడకుండా. కావాలంటే కొలుచుకోండి.”

తాళాలాయన కొలబద్ద తెచ్చాడు. పుస్తకమ్మాయి ఆరు పక్కలూ కొలిచింది. మళ్ళీ కొలిచింది. ఒకటి తక్కువొచ్చింది, మేస్త్రీ కన్ను చెప్పినంత.

“ఆటగాళ్ళ బల్ల మీద కూర్చుని, చుట్టూ అంతమంది అరుస్తుండగా, కొలత లేకుండా కంటితో కొత్త చిల్లుల వరస పొడవాలి. ఎదురు ముక్క చిల్లులకి సరిపోవాలి. మూలల్లో ముడత రాకూడదు. నలభై మందిలో అది చేయగలిగిన చేతులు రెండే జతలు. పెద్దావిడ ఆ రోజు ఒంట్లో బాగోక ఆటకే రాలేదు. ఇక మీ నాన్నగారంటావా బాబూ, చొక్కా గుండీ ఊడితే మా కుట్టు గదికే పంపేవాడు.”

కార్యదర్శి తల వంచి నవ్వాడు, చిన్నగా, తనలో తాను.

“మా అమ్మ కూడా అనేదండీ. ఆ ఫొటో చూసినప్పుడల్లా, ‘సూది ఏ వైపు గుచ్చుతుందో తెలియని మనిషి’ అని. నాన్న వినబడనట్టు పేపరు తిప్పేవారు.”

ఆ నవ్వుకు మేస్త్రీ మనసు కరగలేదు. కొడుకు నవ్వితే తండ్రి అబద్ధం నిజమవదు. కానీ కొడుకు తండ్రిని కాచుకోవడానికి అబద్ధమాడలేదు. ఆ మాత్రం మేస్త్రీ గమనించి పెట్టుకున్నాడు.

“ఇది రాస్తే మీ పేరు కూడా వస్తుంది” అంది పుస్తకమ్మాయి. “తప్పు మీదని. మీకు సమ్మతమేనా? కోస్తే ముడి దొరికేది. ఇదంతా చెప్పకుండా సరిపోయేది.”

“కోస్తే ముడి దొరికేది, కుట్టు పోయేది. ముప్పై ఎనిమిదేళ్ళు నిలిచిన కుట్టు. తాళాలాయన గాలి కొడితే ఇంకో ముప్పై నిలుస్తుంది. దాన్ని కోసే హక్కు నాకు లేదు. తప్పు చేసినప్పుడే పేరు బయటికొస్తుందన్నది మా కార్ఖానా ఆనవాయితీ. నా పేరు రావాలి. వేయండి. ఆమె ముడి లోపలే ఉండనీ. ఎన్నడూ బయటికి రాని ముడి అది, ఇప్పుడెందుకు రావాలి?”

బంతిని ఆయనే పెట్టెలో పెట్టాడు. సంతకాలు గోడ వైపు, ఆ తెల్ల ముక్క గాజు వైపు. తాళాలాయన మేస్త్రీ మొహం చూసి, తాళం వేశాడు.

పుస్తకం ఎనిమిది నెలలకొచ్చింది. పాతదానికన్నా లావు. కూతురు పని నుంచి వస్తూ తెచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా నిలబడే చదివింది. ముప్పై ఏడో ఫైనల్‌కు ఈసారి రెండు పేజీలిచ్చారు. మేస్త్రీ భార్య పేరు, ఆమె తండ్రి పేరుతో సహా, నల్లటి పెద్దక్షరాల్లో. ఆ కింద మామూలు అక్షరాల్లో కోత మేస్త్రీ పేరు, ఆయన తప్పు, ఏమీ తగ్గించకుండా. ఫొటో కూడా ఉంది. ఈసారి మేనేజర్ని కత్తిరించేసి, పాత పుస్తకంలో మోచెయ్యి దగ్గర కోసేసిన ఎడమ భాగాన్ని పెద్దది చేసి వేశారు. మోచెయ్యి, సూది, బారజాపిన చేతి వేళ్ళు. పక్కనే కొత్త ఫొటో, సగం గోరంత లోపలికి జరిగిన పక్కతో తెల్ల ముక్క. కింద ఒక వాక్యం: “ఒకే బంతి నియమం నేటికీ నిలిచి ఉండటానికి ఈ కుట్టు కారణం.”

మేస్త్రీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆ వాక్యం మీద బొటనవేలు ఉంచాడు. చాలాసేపు తీయలేదు. ఎత్తైన చోట నిలబడినవాడిలా ఉంది ఆయన మొహం. ఈ ఇంట్లో ఒక మనిషి బతికింది, ఆ మనిషి కుట్టు మీద జాతీయ కప్పు నిలబడింది. అబద్ధం లేదు, అరువు లేదు.

“కార్యదర్శి ఫోన్ చేశాడు నాన్నా” అంది కూతురు. “ఈసారి ఫైనల్ రోజు నిన్ను వేదిక మీద కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పించాలంట. టీవీ వాళ్ళు కూడా వస్తారంట.”

“రాను.”

“రెండు మాటలు చెబితే చాలంట.”

“ఆమె చూసుకోమని చెప్పినప్పుడు నేను వినలేదు. తర్వాత ముప్పై రెండేళ్ళు నేను అరిచాను, ఆమె విన్నది. చెప్పాల్సిందంతా ఆ గదిలో చెప్పేశాను, ఈ పుస్తకంలో అచ్చయింది. చదువుకోమను.”

“మరి నాకైనా...”

“నీకూ అంతే. ఈ సంగతి ఇక ఈ ఇంట్లో ఎవరూ ఎత్తొద్దు. నేను ఎత్తను.”

పుస్తకం మూసి, భార్య సూదుల డబ్బా పక్కన పెట్టాడు. మళ్ళీ ఎత్తలేదు.